లైను ఆగే చోటు

ఆ ఊళ్ళో ఇబుకిని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఏడేళ్ళ పిల్లవాడు, ఒకటో తరగతి. బూట్లు విప్పితే ముక్కులు గుమ్మం వైపు తిప్పి జతగా పెడతాడు. గిన్నెలో మెతుకు వదలడు. ఎదురింటి మొరివాకి బామ్మ కనిపిస్తే నడుం వంచి నమస్కారం పెడతాడు. అక్టోబరులో తండ్రికి ఎక్కడో ఉత్తరాన ఉన్న హొక్కైదోకి బదిలీ అయింది. అలాంటప్పుడు అందరిళ్ళల్లో జరిగినట్టే ఆయన ఒక్కడే పెట్టె సర్దుకుని వెళ్ళాడు. ఇల్లూ, బడీ, భార్య ఉద్యోగమూ ఉన్నచోటే ఉండిపోయాయి. రైలెక్కబోతూ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "ఇంక ఇంటికి మగదిక్కు నువ్వే. అమ్మని జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. పెద్దవాళ్ళు రైలు కదిలేముందు ఏదో ఒకటి అనాలి కాబట్టి అనే మాట అది. పిల్లవాడు దాన్ని ఒట్టులా పట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ఇబుకి ఇంట్లో ఏడవలేదు, అలగలేదు, ఏదీ కావాలని అడగలేదు. "ఎంత బుద్ధిమంతుడమ్మా! వీణ్ణి పెంచక్కర్లేదు, వాడే పెరిగిపోతాడు" అని ఊరంతా అంటూంటే వాళ్ళమ్మ తమాకి "అబ్బే, ఏముందండీ, ఇంట్లో చూడాలి వీడి వేషాలు" అని పైకి అనేది, లోపల పొంగిపోయేది. ఇంట్లో వేషాలేమీ లేవు. అదే అసలు జబ్బు. అడగందే అమ్మయినా పెట్టదని సామెత ఉంది గానీ, అడగడం మానేసిన పిల్లవాణ్ణి చూసి అమ్మ ఉలిక్కిపడాలని చెప్పే సామెత ఒక్కటీ లేదు.

పిల్లవాడు బాగాలేడు. ఆ సంగతి ఊరు మొత్తం మీద కనిపెట్టింది ఒక్క సుజునా. ఆరో తరగతి పిల్ల. ఆ సుజునానే ఇబుకి పక్కనుంచి తప్పించేయడానికి పెద్దవాళ్ళు తయారయ్యారు, ముందు నడిచింది స్వయానా తమాకి. ఈ కథంతా ఆ ముచ్చటే.

ఆ ఊళ్ళో పిల్లలు బడికి విడివిడిగా వెళ్ళరు. వీధికొక జట్టు, జట్టుకొక లైను. అందరికంటే పెద్ద తరగతి పిల్ల లీడరు, లైను ముందు నడవాలి. అందరికంటే చిన్నవాడు ఆమె వెనకే. మిగతావాళ్ళు వరసగా. తమాకి వాళ్ళ వీధి జట్టు లీడరు సుజునా, సెలూన్ షాపు ఆయన కూతురు. సన్నగా పొడుగ్గా ఉంటుంది. నోరు మాత్రం వాళ్ళ నాన్న కత్తెరే. లైనులో ఎవరైనా వెనకపడితే "రండి మహారాజా, పల్లకీ పంపించమంటారా?" అంటుంది. పిల్లలందరూ ఆమెను లీడరక్కా అంటారు. తిట్లు తింటూనే ఆమె వెంట పడతారు.

జట్ల బాధ్యత చూడ్డానికి తల్లిదండ్రుల్లో ఏడాదికొకరికి వంతు వస్తుంది. ఆ ఏడు వంతు తమాకిది. వంతు వచ్చాక కాళ్ళు విరిగినా తప్పించుకునే ఆచారం అక్కడ లేదు. తమాకి ఓడరేవు దగ్గర పీతలు ఉడకబెట్టి అమ్మే కొట్లో పనిచేస్తుంది. నవంబరు వచ్చిందంటే పీతల కాలం, ఆ కొట్లో ఆవిరి ఆగదు, మనిషికి ఊపిరి ఆడదు. ఆ గొడవలో ఒక సాయంత్రం సుజునా కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"ఇబుకి వాళ్ళమ్మగారూ! ఒక్క మాటండీ. ఇబుకి నా సంచి లాగడం మానేశాడండీ."

తమాకి చేతిలో జల్లెడ అలాగే పట్టుకుని చటుక్కున వంగింది. "అయ్యయ్యో, ఇన్నాళ్ళూ నీ సంచి లాగుతున్నాడా! క్షమించమ్మా సుజునా. ఎంత ఇబ్బంది పెట్టాడో ఏమో. మానేశాడుగా, పోనీలే. బుద్ధొచ్చింది వెధవకి."

"అది కాదండీ. మానేశాడు అంటున్నా..."

"అవునమ్మా, పెద్దవాడవుతున్నాడు. నీ నీడన నడిచి నేర్చుకున్నాడు. ఉండు." లోపలికి వెళ్ళి నాలుగు పీత కాళ్ళు కవర్లో వేసి తెచ్చింది. "నాన్నగారికి ఇవ్వు." ఈలోగా టూరిస్టు బస్సు వచ్చి ఆగింది. సుజునా కవరు పట్టుకుని వెళ్ళిపోయింది.

ఊరంతటికీ ఒక జబ్బు ఉంది. పిల్లవాడు ఎవరికీ ఇబ్బంది కలిగించడం లేదంటే చాలు, పిల్లవాడు బాగున్నట్టే. సంచి లాగడం మానేశాడని ఒకళ్ళు వచ్చి చెప్తే, ఎందుకు మానేశాడని అడగదు ఆ తల్లి. ఇన్నాళ్ళూ లాగినందుకు క్షమాపణ చెబుతుంది. తమాకి చెడ్డ తల్లి కాదు. చిన్నప్పటినుంచి ఆమెకు నేర్పిన మంచితనమే అది.

ఇంకో సంగతి కూడా ఆమె కళ్ళముందే ఉంది. ఒకటో తరగతి పిల్లలు పసుపు టోపీలు పెట్టుకుంటారు, గడ్డం కిందికి ఎలాస్టిక్ తాడు ఉంటుంది. ఆ తాడు మాటిమాటికీ తెగుతోంది. తమాకి కొత్తది కుట్టడం, అది వారం తిరక్కముందే నానిపోయి, పోగులు లేచి, ఊడిపోవడం. "ఈ రోజుల్లో ఏదీ గట్టి సరుకు కాదు" అని విసుక్కుంటూ దుకాణం మార్చింది. ఎలాస్టిక్ మీద పళ్ళ గాట్లు ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించుకుంటూ వాటిని చూసింది కూడా. చూడ్డం వేరు, కనిపించడం వేరు.

నవంబరు నడిమధ్యలో నిషియొగారి నుంచి ఫోనొచ్చింది. నిషియొగారంటే బడి తల్లిదండ్రుల సంఘం ఉపాధ్యక్షురాలు, కిందటేడు వంతు ఆవిడదే. తన హయాంలో జట్లన్నీ గడియారం ముల్లులా నడిచాయని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

"ఇబుకి వాళ్ళమ్మగారూ, చెప్పడానికి నాకే మొహమాటంగా ఉందండీ. మీ జట్టు రోజూ ఆలస్యమట. పొద్దుటి తరగతి సమావేశం సగంలో లోపలికొస్తున్నారట. టీచరుగారు అన్నారు."

"మా జట్టా? ఇంటి దగ్గర సరిగ్గానే బయల్దేరుతున్నారండీ!"

"దార్లో ఎక్కడో ఆగుతున్నారన్నమాట. ఆ సెలూన్ అమ్మాయి కాస్త... హుషారు కదండీ. చిన్నపిల్లల్ని పెట్టుకుని దారెమ్మట ఆటలేమో. పాపం మీ ఇబుకి అంత బుద్ధిమంతుడు, వాడిక్కూడా ఆలస్యం మార్కు పడుతోంది."

ఆ చివరి మాట తమాకికి సూటిగా తగిలింది. మర్నాడు పొద్దున్నే, పిల్లలు పోగయ్యే అగ్నిమాపక షెడ్డు దగ్గరికి వెళ్ళి, లైను అంతా చూస్తూండగానే సుజునాను అడిగింది.

"ఎందుకాలస్యమవుతోందమ్మా? దార్లో ఎక్కడ ఆగుతున్నారు?"

వెనక నడిచే అయిదో తరగతి గాకు తన బూట్ల వైపు చూసుకున్నాడు. మూడూ నాలుగూ చదివే అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారు. ఇబుకి టోపీ తాడు నోట్లో పెట్టుకున్నాడు.

"నేను లేవలేదండీ," అంది సుజునా. "నాకు నిద్రెక్కువ. బద్ధకంగా నడుస్తున్నా. క్షమించండి."

"నువ్వు పెద్దదానివి. నీ వల్ల చిన్నవాళ్ళందరికీ మాట వస్తోంది. చేతకాకపోతే చేతకాదని చెప్పాలి."

నోరు కత్తెరలాంటి పిల్ల ఆ రోజు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మొహం ఎర్రగా చేసుకుని, సంచి బరువుకు ముందుకు తూలేంత కిందికి వంగింది. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న కూడా కూతుర్ని వెంటబెట్టుకొచ్చి తమాకి గుమ్మంలో క్షమాపణగా వంగి వెళ్ళాడు. ఆయన వంగినప్పుడల్లా కూతురి మెడ మీద చెయ్యి వేసి ఆమెనూ వంచాడు. తలుపు చాటునుంచి ఇబుకి అంతా చూశాడు. ఆ రాత్రి అన్నం తింటూ, "అమ్మా, లీడరక్క మంచిది" అన్నాడు. "మంచిదైతే సరా, టైముకి వెళ్ళాలిగా" అంది తమాకి. పిల్లవాడు మెతుకు వదలకుండా గిన్నె ఖాళీ చేశాడు.

ఆ వారమంతా ఆలస్యం తగ్గలేదు. వచ్చే ఆదివారం సంఘం సమావేశంలో లీడర్ని మార్చేద్దామని నిషియొగారు తేల్చేసింది. అయిదో తరగతి గాకుని ముందు పెట్టి, సుజునాను వేరే జట్టు చివరకు పంపించడం. "మీరొక మాట అంటే చాలండీ" అంది. లీడరు పదవి నుంచి పిల్లను దింపడమంటే ఆ ఊళ్ళో చిన్న విషయం కాదు. మిడిల్ స్కూలుకి వెళ్ళినా ఆ మాట వెంట వస్తుంది. సరేననబోయి తమాకి ఆగింది. ఒకసారి తన కళ్ళతో చూస్తే పోలా, రేపు ఎవరూ తనని వేలెత్తి చూపించరు అనుకుంది. నిజం చెప్పాలంటే న్యాయం కోసం కాదు, మాట పడకుండా ఉండడం కోసమే.

శుక్రవారం కొట్టు యజమానిని బతిమాలి ఆలస్యంగా వస్తానని చెప్పింది. ఇబుకిని సాగనంపి, కాలువ వెనక సందులోంచి బయల్దేరింది. అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు అంటారు ఆ తీరంలో. చలికాలంలో ఆకాశానికి అక్కడ మాట మీద నిలకడ ఉండదు. ఆ రోజు మాత్రం అపురూపంగా ఎండ కాసింది. ఉల్లికాడల మడుల మీద మంచు మెరుస్తోంది. ముందు దూరంగా లైను సజావుగానే పోతోంది. సుజునా, వెనక పసుపు టోపీ, ఆ వెనక అక్కచెల్లెళ్ళు, చివర గాకు. ఎక్కడా ఆటల్లేవు. తన కొడుకున్న లైనును దొంగలా వెంబడిస్తున్నందుకు తమాకికి తన మీదే నవ్వొచ్చింది.

మడులు దాటాక రోడ్డు పక్కన బియ్యం మర గది ఒకటుంది. నాణెం వేస్తే దంపుడు బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టిచ్చే చిన్న రేకుల గది. అంత పొద్దున్నే అక్కడికెవరూ రారు. లైను అక్కడ ఆగింది. పసుపు టోపీ గది చూరు కిందికి వెళ్ళింది. మిగిలినవాళ్ళు నలుగురూ దాని ముందు నిలబడి, ఎండలో, గొడుగులు విప్పారు. విప్పి, రోడ్డు వైపు వాల్చి పట్టుకున్నారు. అందరూ బయటికే చూస్తున్నారు, ఒక్కరూ లోపలికి చూడ్డం లేదు.

తమాకికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదన్నమాట! ఎండలో గొడుగులాట! గది వెనకనుంచి గబగబా నడిచి రేకుల గోడ పక్కకి వచ్చేసరికి ఆమె నోట్లో తిట్టు సిద్ధంగా ఉంది. అప్పుడు వినిపించింది.

ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. పడితే ఏడ్చే ఏడుపు కాదు, మారాం ఏడుపు కాదు. మొహాన్ని దేంట్లోనో కుక్కుకుని, గొంతు నొక్కుకుని, ఊపిరి అందక మధ్యలో ఎక్కిళ్ళు పడే ఏడుపు. ఎవరి పిల్లాడో పాపం అనుకుంది తమాకి. నిజంగానే అనుకుంది. ఆ ఏడుపు ఇబుకిదని గుర్తుపట్టడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణాన్ని ఆమె తర్వాత ఎన్నేళ్ళయినా క్షమించుకోలేకపోయింది.

రోడ్డు మీద సైకిలు ఒకటి వస్తోంది. వెంటనే అక్కచెల్లెళ్ళిద్దరూ గొంతులు పెంచారు.

"మా పెట్ట ఇవాళ రెండు గుడ్లు పెట్టింది!"

"అబద్ధం! అది పుంజు!"

"పుంజైతే గుడ్డెట్లా పెట్టింది?"

"అందుకే అబద్ధం అంటున్నా!"

సైకిలు వెళ్ళిపోయింది. గొంతులు తగ్గిపోయాయి. ఎవరి పని వాళ్ళకి తెలుసు.

"అయిపోయిందక్కా," అన్నాడు లోపలినుంచి ఇబుకి.

"అయిపోలేదు. ఇంకా ఉంది. నీ ముక్కు చెప్తోంది," అంది సుజునా, వెనక్కి తిరక్కుండానే.

"లేటైతే నిన్ను తిడతారు."

"నన్ను తిట్టడం ఈ ఊరికి కొత్తా? తువ్వాళ్ళు వంకరగా మడతపెట్టానని మా నాన్న రోజూ తిడతాడు. తొందరేం లేదు. బడి ఎక్కడికీ పారిపోదు. పోతే మనకే మంచిది."

గాకు కిసుక్కున నవ్వాడు. లోపలినుంచి కూడా ఒక తడి నవ్వు లాంటిది వచ్చి, మళ్ళీ ఏడుపులోకి జారిపోయింది. అప్పుడే సుజునా గొడుగు పక్కకి జరిగింది, ఆమె చూపు గోడ పక్కన నిలబడ్డ తమాకి మీద పడింది.

తమాకి ముందుకు అడుగేసింది. సుజునా తల అడ్డంగా ఊపింది. చిన్నగా, ఒక్కసారే. రావద్దని. అగ్నిమాపక షెడ్డు దగ్గర నోరెత్తకుండా వంగిన పిల్ల చూపు కాదది. తన లైను తను చూసుకునే మనిషి చూపు. నలభయ్యేళ్ళకి దగ్గరపడుతున్న తమాకి, ఆ ఏడు జట్లన్నిటికీ బాధ్యురాలైన తమాకి, అడుగు వెనక్కి తీసుకుని గోడ చాటుకు వెళ్ళింది. అక్కడే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఏడుపు నెమ్మదించింది. సుజునా సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన తువ్వాలు తీసింది. సెలూన్లో గడ్డం గీసేముందు మొహం మీద వేసే వేడి తువ్వాలు. ఇంకా కాస్త ఆవిరి లేస్తోంది. చూరు కిందికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళ నాన్న కస్టమర్లకు చేసినట్టే ఇబుకి మొహం మీద అద్ది, కళ్ళ కింద వేళ్ళతో మెల్లగా నొక్కింది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గడ్డం గీయమంటారా సార్?" అంది. ఇబుకి తల అడ్డంగా ఊపాడు. వాడి నోట్లోంచి టోపీ తాడు లాగి గడ్డం కింద సరిచేస్తూ, "ఇది తినకు. మధ్యాహ్నం అన్నం పెడతారుగా" అంది. గొడుగులు మూసుకున్నాయి. లైను కదిలింది. వెళ్తూ వెళ్తూ సుజునా తన సంచి పట్టీని వెనక్కి, ఇబుకి చేతికి అందేలా జార్చి పెట్టింది. వాడు పట్టుకోలేదు. ఆమె అలాగే వదిలేసి నడిచింది.

తమాకి ఆ రోజు కొట్లో ఏం ఉడకబెట్టిందో, ఎవరికి ఏం తూచిందో ఆమెకే తెలీదు. బడి వదిలే వేళకి తిన్నగా సెలూన్ దగ్గరికి వెళ్ళింది. లోపల సుజునా నాన్న ఎవరికో తల కత్తిరిస్తున్నాడు. సుజునా బయట తాడు మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది.

"నీకెలా తెలిసిందమ్మా?" అనడిగింది తమాకి.

సుజునా చేతిలో తువ్వాలు విదిలించింది. "వీపుకి తెలిసిందండీ. ఒకటో తరగతి వాళ్ళు వెనక నడిస్తే ప్రాణం తీస్తారు. మడమలు తొక్కుతారు, సంచి లాగుతారు, అక్కా ఇదేంటి, అక్కా ఆ పురుగు చచ్చిందా, అక్కా పీతలకి నిద్రొస్తుందా అని చంపేస్తారు. ఇబుకి అందర్లోకీ పెద్ద రాక్షసుడు. ఒక రోజు వెనక ఏమీ లేదు. అసలు ఎవరూ లేనట్టు. ఏమైందా అని తిరిగి చూస్తే సరిగ్గా నడుస్తున్నాడు. చేతులు పక్కన పెట్టుకుని, సైనికుడిలా. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, వాడికి తెలియట్లేదు."

"తెలియట్లేదా?"

"ఊహూఁ. ఏమైందిరా అని నేను అడక్కముందే 'నేను బాగానే ఉన్నా' అన్నాడు. అడక్కముందే ఎవరైనా బాగున్నానంటారాండీ? మా షాపుకొచ్చే ముసలాయన, వాళ్ళావిడ పోయినప్పుడు అట్లాగే అన్నాడు, తలుపు తీస్తూనే."

తమాకి షాపు మెట్టు మీద కూర్చుండిపోయింది. "నాకొక మాట చెప్పి ఉంటే..."

"చెప్పానండీ," అంది సుజునా. నిష్ఠూరంగా కాదు, ఉన్న మాటగా. "సంచి లాగడం మానేశాడని చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాల్సింది. అప్పుడు బస్సొచ్చింది." తాడు మీద తువ్వాలు సర్దుతూ మళ్ళీ అంది: "తర్వాత చెబుదామంటే వాడు ఒట్టేయించుకున్నాడు. ఇంట్లో ఏడిస్తే మీరు స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుతారటండీ. చాలాసేపు. నీళ్ళు పోతున్న చప్పుడు మాత్రమే వస్తుందట. బయటికొచ్చాక మీ కళ్ళు ఎర్రగా ఉంటాయట. నాన్న వెళ్ళిన రాత్రి వాడు ఏడిస్తే అట్లా జరిగిందట. నేనేడిస్తే అమ్మకి కుళాయి తిప్పాల్సి వస్తుందక్కా, అందుకని ఇంట్లో ఏడవను అన్నాడు."

తమాకి తన దుఃఖం తనతోనే ఉందనుకుంది. నీళ్ళ చప్పుడులో అంతా దాగిపోయిందనుకుంది. తలుపుకి ఇవతల ఏడేళ్ళ పిల్లవాడు నిలబడి, ఆ చప్పుడు విని, తల్లి బాగాలేదని కనిపెట్టి, తను చెయ్యగలిగింది చేశాడు. కొడుకు తల్లిని చూశాడు. తల్లి కొడుకుని చూడలేదు. దీపం కింద చీకటంటే ఇదేనేమో.

"ఏడవాలంటే ఎక్కడో ఒకచోట ఏడవాలిగా అన్నాను," అంది సుజునా. "బడిలో ఏడిస్తే టీచరు మీకు ఫోన్ చేస్తారు. అందుకని మర దగ్గర. ఒక్కరోజుతో అయిపోతుందనుకున్నా. అవ్వట్లేదండీ." అంతసేపూ గలగలా మాట్లాడిన పిల్ల తువ్వాలు అంచు వేళ్ళకి చుట్టుకుంది. "నాకు ఏడుపు ఆపడం రాదు. లైను ఆపడం ఒక్కటే వచ్చు. రేపు కూడా ఏడిస్తే ఏం చెయ్యాలా అని పడుకున్నా నిద్రపట్టట్లేదు. లేవలేదని చెప్పింది మొత్తం అబద్ధం కాదు."

ఆ పిల్ల పెద్దవాళ్ళకి ముందే చెప్పేయాల్సిందని ఎవరైనా అనొచ్చు. అనేవాళ్ళని అననివ్వండి. పెద్దవాళ్ళు గడియారం చూస్తున్నప్పుడు ఆ పిల్ల మనిషిని చూసింది. ఒక పసివాడి మాటా నిలబెట్టింది, ఏడుపూ కాపాడింది. దానికోసం ఊరి ముందు బద్ధకస్తురాలిగా నిలబడింది. పెద్దచదువులు చదివి, జీతాలు తీసుకుని చెయ్యాల్సిన పని అది. ఆ పిల్ల ఒక తువ్వాలుతో, నాలుగు గొడుగులతో చేసింది.

తమాకి లేచి నిలబడింది. చేతులు తొడల మీద పెట్టుకుని, గురువుగారి ముందు వంగినట్టు, నడుం విరిగేలా వంగింది. లేవలేదు.

"అయ్యో! ఏంటండీ ఇది! లేవండి, షాపు ముందు! కస్టమర్లు చూస్తే మా నాన్న తప్పు కత్తిరించాడనుకుంటారు!"

తమాకి వంగినచోటే నవ్వింది, ఏడ్చింది. "రేపట్నుంచి నువ్వు నిద్రపో," అంది. "ఇంక ఇది నా పని."

దారిలోనే నిషియొగారికి ఫోన్ చేసింది. లీడర్ని మార్చేది లేదని చెప్పింది. "ఆలస్యానికి కారణం మా ఇల్లండీ. తప్పు నాది. ఆదివారం అందరి ముందూ ఆ మాటే చెప్తాను, సుజునాకి క్షమాపణ కూడా అక్కడే చెప్తాను."

"మీ ఇల్లా?" నిషియొగారు బిత్తరపోయింది. "అంత బుద్ధిమంతుడు, మీ ఇబుకి వల్లా?"

"బుద్ధిమంతుడేనండీ. ఎందుకంత బుద్ధిమంతుడయ్యాడో నేను అడగలేదు."

ఇంటికి వెళ్ళేసరికి ఇబుకి బూట్లు గుమ్మం దగ్గర జతగా, ముక్కులు బయటికి తిరిగి ఉన్నాయి. వాడు చలికి కింద వేడి పెట్టి దుప్పటి కప్పిన పొట్టి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని అక్షరాలు దిద్దుకుంటున్నాడు. "వచ్చావా అమ్మా? నేను బాగానే ఉన్నా" అన్నాడు, తల ఎత్తకుండానే. ఆ మాట వాడు రోజూ అంటున్నాడని తమాకికి ఆ సాయంత్రమే చెవిన పడింది. అన్నం, సోయా ముద్ద కలిపిన మిసో పులుసు వేడిచేసి ఇద్దరికీ వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఇబుకీ. అమ్మ బాగాలేదురా."

పిల్లవాడి చాప్‌స్టిక్స్ గాల్లో ఆగిపోయాయి. "కడుపు నొప్పా?"

"కాదు. నాన్న గుర్తొస్తున్నాడు. ఏడుపొస్తోంది."

ఇబుకి స్నానాలగది తలుపు వైపు చూశాడు. అమ్మ ఇప్పుడు లేచి వెళ్తుంది, నీళ్ళ చప్పుడు మొదలవుతుంది. తమాకి లేవలేదు. ఉన్నచోటే, అన్నం గిన్నె ముందే, ఆమెకు కన్నీళ్ళొచ్చేశాయి. ఏడ్చే తీరు కూడా మర్చిపోయినదానిలా వికారంగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఇబుకి కాసేపు బిక్కచచ్చి చూశాడు. తర్వాత లేచి గుమ్మం దగ్గరికి పరిగెత్తి తన గొడుగు తెచ్చాడు. ఇంట్లోనే విప్పాడు. తల్లికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి, గొడుగు వాల్చి పట్టుకుని నిలబడ్డాడు.

"ఏడువమ్మా. నేను చూడను. తొందరేం లేదు," అన్నాడు. "అయిపోయాక చెప్పు."

"ఇబుకీ, ఇటు తిరుగు."

"అయిపోయిందా?"

"అవలేదు. అయినా తిరుగు. అమ్మ ఏడుస్తూంటే చూడొచ్చు. ఏమీ అవదు."

వాడు వెంటనే తిరగలేదు. గొడుగు ముందు వణికింది, తర్వాత కిందపడింది. తిరిగేసరికి వాడి మొహం అప్పటికే తడిసి ఉంది. తమాకి చేతులు చాచింది. వాడు వచ్చి ఆమె ఒళ్ళో పడి, మొహం దేంట్లోనూ కుక్కుకోకుండా, నోరంతా తెరిచి, ఏడ్చాడు. నాన్న ఎందుకెళ్ళాడు, నన్నడిగి వెళ్ళాడా, నేను మగదిక్కుని కాను, నాకు రాదు, ఆ టోపీ నాకొద్దు, పులుసులో పుట్టగొడుగులు నాకస్సలిష్టం లేదు, ఎప్పుడూ లేదు, రోజూ వేస్తావు, రోజూ తింటున్నా! కాళ్ళు తాటించాడు. ఒక కాలు బల్లకి తగిలి పులుసు గిన్నె దొర్లి చాప మీద పారింది. తమాకి దాన్ని తుడవలేదు.

ఆ ఏడుపుకి ఎదురింట్లో దీపం వెలిగింది. కాసేపటికి తలుపు దగ్గర మొరివాకి బామ్మ గొంతు వినిపించింది. "ఇబుకి వాళ్ళమ్మగారూ! ఏమైందమ్మా? ఎవరు అంతలా ఏడుస్తున్నారు?"

పిల్లవాణ్ణి చంకన వేసుకుని, వాడి కాళ్ళు మోకాళ్ళ దాకా వేలాడుతూంటే, తమాకి వెళ్ళి తలుపు తీసింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఇలాంటప్పుడు ఆమె నోటినుంచి మొదట వచ్చే మాట ఒకటే: క్షమించండి, ఇబ్బంది పెట్టాం. ఆ రాత్రి ఆ మాట రాలేదు.

"మావాడేనండీ," అంది గర్వంగా. "మా ఇబుకి."